ఐదో తరం

గౌరీశంకరం బోర్డు మీది 'ఐదు కోట్లు'ను చెయ్యి నొప్పెట్టేలా చెరిపేశాడు. అమలాపురంలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పడం మొదలెట్టిన నాటి నుంచీ ఇదే పాఠం, పిల్లలది ఇదే తప్పు.

"తిమింగలం శిలాజాల్లో పాతది ఐదు కోట్ల ఏళ్ల నాటిదైతే, తిమింగలం, నీటిగుర్రం ఒకే మూలం నుంచి అప్పుడే విడిపోయినట్టు కదండీ?" అంది ముందు బెంచీ కీర్తి.

"కాదమ్మా, కాదు! అప్పటికే విడిపోయాయి. ఎంత ముందో ఆ రాయి చెప్పదు. రేపు ఇంకా పాత రాయి దొరకొచ్చు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఆయ్, రాసుకున్నానండి."

ఏం రాసుకుందో చూస్తే, మళ్లీ అదే!

తల బొప్పికట్టి మధ్యాహ్నం ఇంటికొస్తే అరుగు మీద సూర్యకాంతం. వెలిసిన నేతచీర, వేళ్ల సందుల్లో అప్పడాల పిండి, ఒళ్లో ఇత్తడి చెంబు. పరాయి ఇంట మంచినీళ్లు ముట్టదు, తన నీళ్లు తనే తెచ్చుకుంటుంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. వీధి చివరి గదిలో అప్పడాలు వత్తుకుని బతుకుతోంది. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం. అదే అతని ప్రాణానికొచ్చింది.

"నేను పోతే పదిరోజులు మైల పడతావా నాయనా, మూడురోజులేనా?"

ఏడు తరాల లోపు విడిపోయిన దాయాదులకే పదిరోజులు. రోజూ ఇదే గోల.

"ఇదిగో, పంపకాల్లో వచ్చిన చెంబు. మా మామగారి తాతగారి పేరు చెక్కి ఉంది. మనవాళ్లు అప్పుడే కదా వేరుపడ్డారు? ఐదో తరంలో కలుస్తాం."

పొద్దున కీర్తి, ఇప్పుడు ఈవిడ!

"పిన్నిగారూ, ఆ పేరు చెక్కేనాటికే ఆయనది వేరు కాపురం. మనవాళ్లు అంతకు ఎంత ముందు విడిపోయారో చెంబేం చెబుతుందండీ? ఐదు తరాలో, పది తరాలో!"

"అయితే నాకెవరూ లేరన్నమాట," అని లేచి వెళ్లిపోయింది. వట్టి మంకుతనం అనుకున్నాడు. పిలవలేదు.

దీపాలవేళ పురోహితుడు వెంకటసాయిరాం ఫోన్ చేశాడు.

"సూర్యకాంతంగారు పోయేరండి. అప్పడాల పీట ముందు కూర్చున్నావిడ అలాగే ఒరిగిపోయేరు. మీకు మైల ఎన్నాళ్లండీ? ఎన్నో తరంలో కలుస్తారు?"

తెలీదన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు. తన మీద తనకే ఒళ్లు మండింది. మధ్యాహ్నం ఆవిడతో అవునని ఒక్క మాట అంటే ఏం పోయేది?

"ఐదో తరమండీ. పదిరోజులు."

"ఆధారం ఏవైనా..."

"ఉందండీ!" అని కసిరాడు.

కట్టుబట్టలతోనే నూతి దగ్గరికి నడిచి నెత్తిన నీళ్లు గుమ్మరించుకున్నాడు. తడిబట్టలతో తిరిగొచ్చేసరికి అరుగు మీద, మధ్యాహ్నం ఆవిడ వదిలేసి వెళ్లిన ఇత్తడి చెంబు కనిపించింది. ఆవిడ తాగగా మిగిలిన నీళ్లు ఇంకా అందులోనే ఉన్నాయి.