తబిత కూర్చున్న బండ

ఒక మాట అడుగుతాను, తల తిప్పుకోకుండా జవాబు చెప్పండి. ఇంటినిండా మనుషులున్న చోట ఒక ఆడపిల్ల ఒంటరిగా ఉండటం మీరెప్పుడైనా చూశారా? చూడలేదంటారు. తొమ్మిది మంది పిల్లలు తిరిగే ఇంట్లో ఒంటరితనానికి చోటెక్కడిదంటారు. సరే, అయితే నాతో ఆళ్ళగడ్డకు రండి, చర్చి వెనక వీధికి. డెబ్బై తొమ్మిదో సంవత్సరం, ఎండలు ముదురుతున్న మార్చి నెల. టైలరు రాజరత్నం ఇంట్లో బడి మొదలైంది.

బడి అంటే నిజంగా బడే. వసారాలో రాజరత్నం కుట్టుమిషను తొక్కుతుంటాడు, లోపల పెద్దగదిలో పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుంటారు. మిషను జోరుగా తిరిగితే ఎక్కం జోరుగా నడుస్తుంది. దారం తెగి మిషను ఆగితే పిల్లల నోళ్ళూ ఆగిపోతాయి. "ఏడెనిమిదులు..." అని ఎవడో ఒకడు నోరు తెరుచుకుని అట్లాగే ఉంటాడు, తండ్రి సూదిలోకి మళ్ళీ దారం ఎక్కించేదాకా.

ఆ ఇంట్లో పలకలు లేవు. కింద పరిచిన నాపబండలే పలకలు. పెద్ద కూతురు తబిత చేతిలో సుద్దముక్కతో, చంకలో ఎవరో ఒక బిడ్డతో, ఒక్కో బండ దగ్గర గొంతుక్కూర్చుని ఒకడికి కూడిక, ఇంకొకదానికి గుణింతం, మరొకడికి కీర్తనలో చరణం రాసి ముందుకు జరుగుతుంది. మధ్యాహ్నానికి అందరి చదువునూ తడిగుడ్డతో తుడిచేస్తుంది. ఆ తర్వాత అన్నం వండుతుంది.

ఇరవై ఏళ్ళ ఆ పిల్లను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. తండ్రికి "పెద్దపాప". తల్లి కృపమ్మకు "మేయ్". మిగతా ఎనిమిది మందికీ "అక్కా". పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిలుపులే, అందులో ఒక్కటీ ఆమెతో మాట్లాడటానికి కాదు. ముక్కు తుడవమని, జడ వెయ్యమని, సుద్దముక్క వాడు లాక్కున్నాడని.

ఇక బండల సంగతి. రాజరత్నం తండ్రి వాటిని బేతంచెర్ల నుంచి ఎద్దులబండి మీద తెచ్చి పరిపించాడు. ఆ ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడల్లా వాటిలో ఒక బండ వెచ్చబడుతుంది. ఎండ వేడి కాదది. పొదిగే కోడిపెట్ట కింద చెయ్యి పెడితే తగిలే వెచ్చదనం. కాన్పు చేసే ఎర్రమ్మ బిడ్డకు నీళ్ళు పోసి, పొత్తిళ్ళలో చుట్టి, చెప్పులిడిచి ఇల్లంతా నడిచేది. ఒకచోట ఆగి, "ఈడుంది, సున్నం తేండి" అనేది. సున్నం బొట్టు పెట్టిన ఆ బండ ఆ బిడ్డదే. దాని మీదే పడుకోబెట్టేవాళ్ళు, దాని మీదే కూర్చుని అక్షరాలు దిద్దేవాళ్ళు. బండ చల్లబడటం ఆ ఇంట్లో ఒక్కసారే జరిగింది, రాజరత్నం తల్లిని, అంటే పిల్లల జేజిని, మట్టికి తీసుకుపోయిన సాయంత్రం. అప్పటి నుంచి, కోడలిగా వచ్చిన నాడు ఆమెకు వెచ్చబడిన ఆ బండను ఎవరూ తొక్కరు, పక్కనుంచి నడుస్తారు.

రాజరత్నం పిల్లల్ని బడికి ఎందుకు పంపలేదో కూడా చెప్పాలి, లేకపోతే మీరు ఆయన్ని మూర్ఖుడనుకుంటారు. తబితను ఆరేళ్ళప్పుడు బడిలో వేశాడు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం గిన్నె ఇవ్వడానికి పోయి కిటికీలోంచి చూశాడు. పిల్లలంతా బల్లల మీద ఉన్నారు. తన కూతురు, తమ పేటలోని ఇంకో పిల్లా గది చివర, గోడవారగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్ట మీద ఉన్నారు. ఆయన ఎవరితోనూ గొడవపడలేదు. లోపలికి పోయి కూతురి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. గోనెపట్టను దారిలో కాలవలో పారేశాడు. "నా బిడ్డలు ఎవురి వరసలోనూ కూచోరు. ఎవురి బండ మీద వాళ్ళు కూచుంటారు. లెయ్యమనే మొగోడు ఎవుడో సూస్తా" అన్నాడు. ఎనిమిదో తరగతి దాకా చదివినవాడు కాబట్టి తనకు వచ్చిందంతా కుట్టుకుంటూనే నేర్పాడు. అది ప్రేమ కాదని నేననను. ఆ ప్రేమకు తలుపు లేకపోయింది, అంతే.

తబిత తండ్రికి వచ్చిందంతా ఎప్పుడో నేర్చేసింది. పాస్టరమ్మ దగ్గర పుస్తకాలు తెచ్చుకుని మిగిలింది కూడా చదివింది. పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా నంద్యాలలో రాయాలన్నది ఆమె కోరిక. అది తప్ప వేరే కోరిక లేదు.

"పరీచ్చ ఎవురిది పాపా? వాళ్ళదే గదా," అన్నాడు రాజరత్నం మొదటిసారి అడిగినప్పుడు. "వాళ్ళ వరసలో నుంచి నిన్ను ఇడిపించుకొచ్చింటి. మల్లా ఆడికే పోతానంటాండావే."

"వరస వాళ్ళది నాయనా. చదువు నాది గదా."

"నోరు బాగ నేర్చినావ్."

"నేర్పినోడివి నువ్వే."

ఆయన నవ్వాడు. ఒప్పుకున్నాడు కూడా. "అమ్మకు కాన్పు కానీ, సూద్దాం" అన్నాడు. కాన్పయింది, ఎనిమిదో బిడ్డ. తల్లి లేవలేకపోయింది, పరీక్ష దాటిపోయింది. రెండేళ్ళకు మళ్ళీ హాలు టికెట్టు వచ్చింది. మళ్ళీ కాన్పు. తొమ్మిదోవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని తన బండ మీద కూర్చున్న తబితకు, నంద్యాల బస్సు వీధి మొదట్లో హారను కొట్టుకుంటూ పోవడం వినిపించింది. ఆ హారను దూరమై వినపడకుండా పోయేసరికి కింద బండ చల్లబడింది. మోకాళ్ళ దాకా ఆ చలి ఎక్కింది.

ఎవరికీ చెప్పలేదు. చల్లబడిన బండంటే ఏమిటో ఆ ఇంట్లో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. గాదె పక్క నుంచి ఒక గోనెపట్ట తెచ్చి దాని మీద పరిచింది. "కాళ్ళు తిమ్మిర్లెక్కుతాండాయి" అంది. గోనెపట్టను చూసి రాజరత్నం మొహం తిప్పుకున్నాడు గానీ ఎందుకని అడగలేదు. రెండేళ్ళు ఆమె ఆ పట్ట మీదే కూర్చుని అందరికీ చదువు చెప్పింది. చుట్టూ వెచ్చటి బండల మీద తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఆదమరిచి నిద్రపోతుంటే, మధ్యలో ఆమె కాళ్ళు ముడుచుకుని పడుకునేది.

ఆ మార్చిలో హాలు టికెట్టు మూడోసారి వచ్చింది. పరీక్షకు వారం ముందు పదో బిడ్డ కూడా వచ్చింది, ఆడపిల్ల.

ఎర్రమ్మ బిడ్డకు నీళ్ళు పోసి నడక మొదలుపెట్టింది. పెద్దగదిలో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. వంటింట్లో, వసారాలో, ఆఖరికి కుట్టుమిషను జరిపించి దాని కింద కూడా. పిల్లలంతా వెనక వరసగా నడిచారు.

"యాడా తగల్లేదు కృపా," అంది చివరికి.

"మల్లొకసారి నడువక్కా," మంచం మీంచి అంది కృపమ్మ. "పదిమందిలో దీనికొక్కదానికే చోటు లేకపాయెనా?"

"మీ జేజిది ఇడిసి ఉండేవన్నీ తొక్కితి. ఇంగ ఆ గోనెపట్ట కిందిదే మిగిలింది."

"అది నాది గదా అవ్వా," తబిత పట్ట మీద నుంచి కదల్లేదు.

"నీదే లేమే. లెయ్, ఒక్క అడుగు పెట్టి సూస్తా."

తబిత లేచింది. ఎర్రమ్మ పట్ట పక్కకు లాగి పాదం మోపి, బావినీళ్ళలో పెట్టినట్టు చటుక్కున వెనక్కి తీసుకుంది. "ఇదేందిమే, ఇట్లుంది? మీ జేజి బండ మాదిరి..." అని నోరు మూసుకుంది.

పదమూడేళ్ళ యోబు, తబిత పెద్ద తమ్ముడు, దగ్గరకొచ్చి అక్క చెయ్యి గిచ్చి చూశాడు.

"అక్కా, సచ్చిపోతావా?"

"ఏమోరా. రెండేండ్ల నుంచీ సల్లగనే ఉంది. ఇంగా అయితే సావలా."

"మరి మాకు లెక్కలెవురు చెప్తారు?"

తబితకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతకీ ఆగకపోయేసరికి తల్లి మంచం మీంచే ఏడుపు మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో తబితకు జరిగిన మర్యాద చూడాలి మీరు! చీపురు పట్టుకోనివ్వలేదు. తనకని ఉడకబెట్టిన గుడ్డు ఆమెకు పెట్టి, బాలింత కృపమ్మ ఊరికే కూర్చుంది. పాస్టరుగారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిపోయారు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చుట్టూ చేరి, ఎప్పుడు పోతుందో తాము చూడకుండా పోకూడదన్నట్టు రెప్ప వెయ్యకుండా చూశారు. కుట్టుమిషను ఆగిపోయింది, దాంతో ఎక్కాలూ ఆగిపోయాయి. అంతమంది అన్ని వైపుల నుంచీ ఆమెనే చూస్తున్నారు. ఏం కావాలని మాత్రం ఒక్కరూ అడగలేదు. అంత ఒంటరితనం ఆమె ఆ గోనెపట్ట మీద కూడా ఎరగదు.

పదో బిడ్డ మాత్రం ఆమెను చూడలేదు. ఏడుస్తూనే ఉంది. పాలు సరిగా పట్టదు, ఎవరెత్తుకున్నా నిలవదు, ఏ పిల్లవాడి బండ మీద వేసినా ఒళ్ళు విరుచుకుంటుంది. దాని పాదాలు మంచుముక్కల్లా ఉన్నాయి.

పరీక్షకు ముందురోజు పొద్దుగూకే వేళ, పిల్లలు చేతిపంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటుండగా, తబిత బిడ్డను ఎత్తుకుని గదంతా తిరిగింది. తిరిగి తిరిగి తన బండ దగ్గర ఆగింది. "నీకు లేదు, నాకూ లేదు," అంది దాని చెవిలో. "రా, ఇద్దరం ఈడనే ఉందాం." బిడ్డను బండ మీద పడుకోబెట్టి పక్కన ఒరిగింది.

బిడ్డ ఏడుపు ఆపింది. పిడికిళ్ళు విప్పింది.

తబిత అరచెయ్యి కింద బండ మెల్లమెల్లగా వెచ్చబడింది.

తలెత్తి చూస్తే గడపలో రాజరత్నం ఉన్నాడు. వచ్చి వంగి బండ మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"నీ చోటు దీనికిస్తివా పాపా?"

"నేనియ్యలా నాయనా. అది ఖాళీగనే ఉండె, రెండేండ్ల నుంచీ. రావాల్సినోళ్ళు వచ్చినారు, తీసుకున్నారు."

"నువ్వు బతికే ఉండావు గదా! అట్లాంటప్పుడు నీ బండ యాడ?"

"ఈ ఇంట్లో లేదు. ఎర్రవ్వ అంతా తొక్కిందిగదా. యాడో ఉంటాది. ఎవురైనా చెప్పులిడిచి నడిస్తే గదా తెలిసేది. నన్ను గడప దాటనిస్తివా నువ్వు?"

ఆయన మూలకు చుట్టి పెట్టిన గోనెపట్టను చేతిలోకి తీసుకున్నాడు. "కాలవలో పారేస్తిని గదా దీన్ని," అన్నాడు తనలో తాను. "మల్లా నా ఇంట్లోకే వచ్చె. నా బిడ్డ కిందికే వచ్చె. సూసి గూడా అడక్కపోతి."

తెల్లవారి పొయ్యి వెలిగించకముందే తబిత తల దగ్గర ఎవరో కూర్చున్నట్టయింది. తండ్రి. తలకు రుమాలు చుట్టుకుని, చంకలో సంచితో ఉన్నాడు.

"లెయ్, తబితా. బస్సుకు టైమైతాంది."

ఆ పేరు ఎవరిదో ఆమెకు వెంటనే తెలియలేదు.

నంద్యాలలో పరీక్ష పెట్టిన బడి పొడవాటి వసారాల కట్టడం. వసారాలోనూ గదుల్లోనూ అవే నాపబండలు. తండ్రీకూతుళ్ళు మెట్ల దగ్గర చెప్పులు విడిచారు. గేటు మనిషి "చెప్పులు ఇడవాల్సిన పన్లేదమ్మా, ఇదేమన్నా గుడా?" అన్నాడు. వాళ్ళు వినిపించుకోలేదు. తబిత వసారా పొడవునా అడుగు అడుగుగా నడిచింది. ఒక్కో బండా చల్లగానే తగిలింది. రాజరత్నం వెనకే నడుస్తూ, తన పాదాలకు ఏమైనా తగులుతుందేమోనని ఆయనా చూసుకున్నాడు.

నంబరు ప్రకారం ఆమె చోటు గదిలో ఆఖరి వరసలో పడింది. గోడవారగా.

కిటికీ బయట నిలబడ్డ రాజరత్నం అది చూశాడు. ఒక అడుగు తలుపు వైపు వేశాడు. పద్నాలుగేళ్ళ కిందట వేసిన అడుగే అది. తబిత ఆయన్ని చూసింది. వద్దన్నట్టు తలాడించలేదు, రమ్మనలేదు. బల్ల మీద కూర్చుని రెండు పాదాలూ కింద మోపింది.

మోపి అట్లాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా వంగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు, అరచెయ్యి బండకు ఆనించింది. లేచి, తెల్లబడ్డ ఆ చెయ్యిని తండ్రికి కనపడేట్టు ఎత్తి చూపించింది.

చేతికి కొత్త సున్నం అంటుకుని ఉంది. ఎవరు ఎప్పుడు పెట్టారో ఆ బొట్టు.

గంట కొట్టారు. రాజరత్నం బయట వేపచెట్టు కింద కూర్చుని సాయంత్రం దాకా కదల్లేదు. ఆ పరీక్షలన్నీ అయ్యేదాకా రోజూ అక్కడే కూర్చున్నాడు. ఆఖరి రోజు ఒక్కడే ఆళ్ళగడ్డ బస్సెక్కాడు. పక్క సీట్లో ఎవరో కూర్చోబోతే "మనిషి ఉండాది" అన్నాడు, దిగేదాకా ఆ సీటు ఖాళీగానే ఉంచాడు. తబిత నంద్యాలలోనే, పాస్టరమ్మ చెల్లెలింట్లో ఉండిపోయింది. తర్వాత అదే ఊళ్ళో టీచరమ్మ అయింది. పండక్కి ఇంటికొచ్చినప్పుడు పెద్దగది అంచున నిలబడి, ఎవరి బండ మీద కూర్చోవాలో తోచక, కాసేపు నిలబడే మాట్లాడేది. అప్పుడు పదోది తన బండ మీద కాస్త జరిగి చోటిచ్చేది. దాని పక్కన కూర్చుంటే, ఒకవైపు వెచ్చగానే ఉండేది.

ఇంతే కథ. జవాబు మీరింకా చెప్పలేదు, చెప్పొద్దు కూడా. లేచి ఇళ్ళకు పోండి. గడపలో చెప్పులు విడవండి. మీ ఇంట్లో అందరికీ అన్నం పెట్టి ఆఖర్న తినే పిల్ల ఎక్కడ కూర్చుంటుందో చూసి, ఆమెను ఒక్క నిమిషం లేపి, అక్కడ చెయ్యి పెట్టి చూడండి. చల్లగా తగిలితే ప్రార్థనలు పెట్టించొద్దు, గుడ్లు ఉడకబెట్టొద్దు. పేరు పెట్టి పిలవండి. బస్సు టైము కనుక్కోండి.