రూబెన్ స్టూడియోలో కొల్లేటి నీరు

అనుమానం ఉన్నవాళ్లు ఇప్పుడే చెయ్యెత్తండి. కథ అయ్యాక ఎత్తితే చెల్లదు. ఇందులో ఒక్క ముక్క కల్పితమని తేల్చినవాణ్ణి ఏనుగెక్కించి ఏలూరంతా ఊరేగిస్తామని ఎప్పుడో చాటించాం. ఇంతవరకూ ఆ ఏనుగుకి పని పడలేదు.

పవర్‌పేటలో రూబెన్‌కి రికార్డింగ్ స్టూడియో ఉంది. పొద్దున్నే తలుపు తియ్యడం, మైకులు తుడవడం, ఏసీ ఆపేసి గది ఎంత నిశ్శబ్దంగా ఉందో చెవొగ్గి చూసుకోవడం అతని అలవాటు. ఆ చెవులు మామూలువి కావు. పెంటపాడులో చీమ తుమ్మితే ఏలూరులో కూర్చుని ఆడచీమో మగచీమో చెప్పేవాడు. నలభై మంది కలిసి పాడుతుంటే, వాళ్లలో పెసరట్టు తిని వచ్చిందెవరో గొంతుని బట్టి పోల్చేవాడు.

అలాంటి చెవులు జారిపోతున్నాయి. ముందు పిచికలు పోయాయి. తర్వాత కుక్కర్ విజిల్. ఆ తర్వాత వయొలిన్ పైతీగ. డాక్టర్లు చేతులెత్తేశారు. సంగతి భార్య మానసకి తప్ప ఇంకెవరికీ తెలీదు. రికార్డింగప్పుడు పక్కనే కూర్చుని, ఎవరి శ్రుతి తగ్గినా ఆమె అతని అరచేతిలో వేలితో నొక్కేది. వెంటనే అతను మైకులో "మళ్లీ ఒకసారి పాడదామండీ" అనేవాడు. ఈ నాటకం ఎన్నాళ్లని, గదిని ఖాళీ చేసి టైల్స్ షాపు చలపతిరావు గారికి ఇస్తానని మాట ఇచ్చేశాడు. చర్చి క్వయర్ వాళ్ల ఆల్బమ్ ఒక్కటే మిగిలింది.

"ఇదొక్కటైనా నీ వేలు లేకుండా చెయ్యాలనుంది," అన్నాడు మానసతో. "సన్న శబ్దాలు పోయాయి గానీ, లావు శబ్దం ఇంకా గుండెకి తగులుతోంది. మంచి పాత బేస్ డ్రమ్ము దొరికితే..."

"గూడెంలో తాతారావు గారిది ఉందిగా. వెళ్లి అడుగుదాం పదండి."

తాడేపల్లిగూడెం తాతారావు పెళ్లి బ్యాండు మాస్టారు. ఆయన డ్రమ్ము సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. దెబ్బ వేస్తే నేల మీదికి కొల్లేటి నీరు వస్తుంది. చిన్న దెబ్బకి పాదాలు తడుస్తాయి, పెద్ద దెబ్బకి మోకాళ్లు. మోత ఆరగానే నీరూ వెళ్లిపోతుంది. ఊరేగింపులో ఆయన కర్ర ఎత్తగానే ఆడవాళ్లు కుచ్చిళ్లు పైకి పట్టుకునేవారు, మగవాళ్లు చెప్పులు చేతికి తీసుకునేవారు. పెంటపాడులో ఒక పెళ్లికి మాస్టారు ఊపు మీద వాయిస్తే మగపెళ్లివారు విడిదికి పడవలో వెళ్లారు. భోజనాలు ఆలస్యమయ్యాయని తప్ప ఎవరూ ఏమీ అనలేదు.

డ్రమ్ము మనిషి నడుమెత్తు ఉంది. రెండువైపులా దూడతోలు, చుట్టూ బిగించిన తాళ్లు. తాతారావు దాని మీద చెయ్యి వేసి, "భుజం ఇక మొయ్యనంటోందండీ," అన్నాడు. "మీ గదికి గడప ఎత్తెంత బాబూ?"

"జానెడు ఉంటుందండీ, మాస్టారూ."

"చాలదు. మిషన్లు బల్లల మీద పెట్టుకోండి, ప్లగ్గులు పైకి మార్పించండి. చేపపిల్లలొస్తే పట్టకండేం, వాటికి మళ్లీ వెళ్లే తొందర ఉంటుంది."

రూబెన్ ఆయన పెదాలనే చూస్తూ విన్నాడు. ముసలాయన పసిగట్టి తన చెవి మీద వేలితో తట్టి చూపించాడు. రూబెన్ తలొంచుకున్నాడు.

"దానికి సిగ్గెందుకండీ? నాకు ఎడమది ఎప్పుడో పోయింది. మా ఆవిడ పాపం తెలీక ఆ వైపు నుంచే తిడుతూ ఉంటుంది."

డ్రమ్ము ఏలూరు వచ్చింది. ప్లగ్గులు పైకెక్కాయి. క్వయర్ వాళ్లు రావడానికి ముందు రూబెన్ స్టూడియోల వాళ్లందరూ చేసే పనే చేశాడు. మోత సాగిపోయి పాటని మింగెయ్యకుండా, ఒకవైపు తోలు వదులు చేసి లోపల దిండు కుక్కాడు. కర్ర ఎత్తి వేశాడు. దబ్బున మోగి అక్కడే ఆగింది.

నీరు మోకాళ్లదాకా వచ్చింది. మోత ఆగినా వెళ్లలేదు.

గంటలో పాచి పట్టింది. చూస్తుండగానే మూలల్లో గుర్రపుడెక్క పరుచుకుంది. క్వయర్ వాళ్లు ప్యాంట్లు మడుచుకుని వరసల్లో నిలబడ్డారు. పెద్ద గొంతున్న పాటగాడు ఒకాయన, "జలగలు లేవు కదండీ?" అన్నాడు. పాట మొదలైంది. రూబెన్ గుండెకి కూడా ఏమీ తగల్లేదు. చేతిలో కర్ర దించేశాడు.

"చలపతిరావు గారికి తాళాలు ఇచ్చేద్దాం మానసా."

మానస కొల్లేటి లంకలో పుట్టిన పిల్ల. వంగి ఆ నీళ్లు దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. "మా నాన్న చేపల చెరువుకి గట్టేసిన ఏడు మా ఊళ్లో నీళ్లు ఇలాగే కంపు కొట్టాయండీ. కొల్లేటి నీరు ఉప్పుటేరు దారిన సముద్రానికి పోవాలి. అడ్డం వేస్తే కుళ్లుతుంది. లోపల ఏం పెట్టారు మీరు?"

"దిండు."

"గట్టేశారన్నమాట. తియ్యండి."

అతను తాళ్లు విప్పి, తడిసి బరువెక్కిన దిండుని బయటికి లాగాడు. నీరు గుర్రపుడెక్కతో సహా తలుపు కిందినుంచి చరచరా వెళ్లిపోయింది. అతను తోలు బిగించాక ఈసారి మానసే కర్ర అందుకుంది.

ఆ దెబ్బకి వచ్చిన నీరు తెల్లవారుజామున లంకల మధ్య కనిపించే నీరు. అడుగున గచ్చు మీది పగుళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. పైకప్పు మీద గూడకొంగల నీడలు బారుగా సాగాయి. డ్రమ్ము నుంచి లేచిన అల గుండ్రంగా విచ్చుకుంటూ గోడల్ని తాకింది. మోత ఆరకముందే క్వయర్ పాట ఎత్తుకోగానే ఒక్కొక్క గొంతు ఆ నీటి మీద తన వలయం తాను గీసుకుంది. ఆడవాళ్లవి తామరతూడు పోగులంత సన్నం, మగవాళ్లవి బండిచక్రాలంత. కలిసినచోట ఒకదాన్నొకటి తోసుకోకుండా దాటిపోతున్నాయి. చెవులు పోగొట్టుకున్న పైతీగ, క్వయర్‌తో వచ్చిన వయొలిన్ నుంచి, రూబెన్ మోకాలి దగ్గరికి మిలమిలలాడుతూ వచ్చి ఆగింది.

అంతలో రూబెన్ చెయ్యెత్తాడు. "ఆగండి. ఆ చివరాయన, మీరేనండీ. మీ వలయం పక్కకి ఒరుగుతోంది. చరణంలో శ్రుతి తగ్గారు."

గది అవతలి కొసన మానస కర్ర పట్టుకుని నిలబడి ఉంది. రూబెన్ అరచెయ్యి ఖాళీగా ఉంది.

చివరాయన వంగి నీళ్లలోకి చూశాడు. "తగ్గానండీ," అన్నాడు.

మానస ఫోన్ తీసింది. "చలపతిరావు గారూ, గది ఖాళీ చెయ్యట్లేదండీ. ఆఁ, అవునండీ, నీళ్లున్నాయి."

డ్రమ్ము అబద్ధం, నీళ్లు అబద్ధం అంటారా, అనండి. కానీ పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ శ్రుతి తప్పానని ఒప్పుకోని మనిషి, సాక్షాత్తూ పాస్టరు గారు చెప్పినా ఒప్పుకోని మనిషి, ఆ రోజు మోకాల్లోతు నీళ్లలో నిలబడి ఒప్పుకున్నాడు. వెళ్లి అడగండి. చర్చి వెనక సందు, ఆకుపచ్చ గేటు. పేరు ఏసుకుమార్.