ఆరో నంబరు కాయ

చిట్టియ్య నాలుగో వంద కాయలు ఒలుస్తున్నాడు. కాయను రెండు చేతులా పట్టి, నేలలో పాతిన గునపం మొన మీద దిగ్గొట్టి, ఒక్క తిప్పు. పైనున్న పీచు డొక్క పగిలి విచ్చుకుంటుంది. ఇంకో రెండు తిప్పులకి కాయ ఊడి చేతిలోకి వస్తుంది. కాయ కళ్ళ మీద కాస్త పీచు వదిలేసి కుడిపక్క రాశిలోకి విసురుతాడు. పాలకొల్లు శివారులోని ఆ కొబ్బరి కొట్టులో ముప్పై ఏడేళ్ళుగా ఇదే పని. ఎడమ మోకాలు సరిగ్గా వంగదు కాబట్టి బరువంతా కుడికాలి మీదే. ఇవాళ పొద్దుటి నుంచీ ఎడమ భుజం కూడా లాగుతోంది. రాత్రి వంకరగా పడుకుని ఉంటాననుకున్నాడు. సాయంత్రానికి అన్నవరం లోడు వెళ్ళాలి, భుజం సంగతి రేపు చూసుకోవచ్చు.

అసలు పని సాగనిస్తేగా! మధ్యాహ్నం రాజమండ్రిలో మ్యాచ్. బయటి ఊళ్ళో మ్యాచ్ ఉందంటే చాలు, ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ప్రతివాడూ తెల్లారేసరికి ఈ కొట్టు వాకిట్లో ఊడిపడతాడు. కోచ్‌ని పెట్టుకునే స్తోమత లేని జట్టు అది. అందుకని ఎప్పుడో పెద్దవాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. పదకొండు ఒలిచిన కాయల మీద సున్నంతో నంబర్లు వేసి, ఎవరు ఎక్కడ ఆడాలో అక్కడ నేల మీద పేరుస్తారు. అవతలి జట్టుకి ఒలవని కాయలు. ఎవరికి తోచినట్టు వాళ్ళు జరుపుతారు, అరుచుకుంటారు, చొక్కాలు పట్టుకుంటారు. ఎంతకీ తెగని చోట మాత్రం, ఆడి మానేసినవాళ్ళలో పెద్దవాడు కాయ పెడతాడు. అతను పెట్టాక దాన్ని ముట్టుకోకూడదు. పెట్టిన పదకొండూ జట్టు తిరిగొచ్చేదాకా అక్కడే ఉంటాయి. గెలిస్తే పగలగొట్టుకు తింటారు, ఓడితే బస్తాలోకి పోతాయి. జట్టులోంచి తీసేసిన వాడి కాయ మాత్రం అప్పటికప్పుడే రాశిలో కలిసిపోతుంది.

పదేళ్ళుగా ఆ పెద్దవాడు చిట్టియ్య. ఇవాళ తెగనిది ఆరో నంబరు. ఆ ఆరో నంబరు అతని కొడుకు రాజ్ కుమార్‌ది.

"వాళ్ళకి మధ్యలో ముగ్గురున్నారండి! మనకి ఇద్దరు. ఆ ఇద్దర్లో ఒకాయన ముందుకెళ్తే మళ్ళీ వెనక్కి రావడానికి ముహూర్తం పెట్టాలి!" సెల్ ఫోన్ల షాపు గణేష్‌బాబు కాలితో ఒలవని కాయలు మూడింటిని మధ్యకు దొర్లించాడు. "ఉదయ్‌కుమార్‌ని పెట్టండి. కుర్రాడు గంటన్నరా పరిగెడతాడు."

"పరిగెత్తడానికి కుక్కైనా పరిగెడద్ది," అన్నాడు ఆటో బుల్లియ్య. చిట్టియ్యతో కలిసి ఆడినవాడు. "బంతి కాలికి తగిలితే ఎవడికివ్వాలో తెలియాలి గదండీ. రాజ్ కుమార్ బంతి పోగొట్టడు."

"పోగొట్టడు. అందుకుంటే గదా పోగొట్టడానికి!"

అందరూ గొల్లున నవ్వారు. చిట్టియ్య తర్వాతి కాయను గునపం మీద ఇంకాస్త గట్టిగా దిగ్గొట్టాడు. వెధవలు. పోయిన ఏడాది ఇదే రాజ్ కుమార్‌ని భుజాల మీద ఎక్కించుకుని చర్చి దాకా ఊరేగించారు.

"ముందు నుంచి ఒకణ్ణి లాగి మధ్యలో ముగ్గుర్ని చేద్దారి," అన్నాడెవరో. "ఇద్దరూ ఉంటారు, గొడవొదిలిపోద్ది."

"అప్పుడు ముందు ఒక్కడే మిగుల్తాడు. వాడికి బంతి ఎవడిస్తాడు?" చిట్టియ్య పని ఆపకుండానే అన్నాడు. "మధ్యలో ఇద్దరే. అందులో ఒకడు వెనక కాపలా ఉండాల్సిందే."

"అబ్బో! కొడుక్కి చోటు మిగలాలంటే ఇద్దరే చాలంటారు మరి," గణేష్‌బాబు చేతులు నడుం మీద పెట్టుకున్నాడు. "చిట్టియ్య గారూ, ఇదేమన్నా మీ ఇంటి ఆస్తా అండీ? ఊరి జట్టండి ఇది. మీరు ఆ కాయ పెడితే మేమెవ్వరం వ్యాన్ ఎక్కం. ముందే చెబుతున్నా."

చిట్టియ్య గునపం దగ్గర్నుంచి వచ్చాడు. మెడలో తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చేతిలోకి ఆరో నంబరు కాయ తీసుకున్నాడు.

ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం కాకినాడ మ్యాచ్‌కి ముందు ఇక్కడే, ఇలాగే నిలబడ్డాడు. అప్పుడు పెద్దవాడు మేనమామ. చిట్టియ్య మోకాలు వాచి ఉందని, గుడ్డ బిగించి కట్టుకున్నాడని మామయ్యకి తెలుసు. తెలిసీ, మేనల్లుడి మొహం చూసి కాయ పెట్టేశాడు. రెండో సగంలో అవతలివాళ్ళు మూడుసార్లు అతని పక్కనుంచే పోయారు. మూడు గోల్స్. తిరిగొచ్చేటప్పుడు లారీలో సొంత ఊరివాళ్ళే మొహాన ఉమ్మేశారు. మోకాలు అలాగే ఉండిపోయింది. కాకినాడ మాటెత్తితే ఇప్పటికీ అతనికి అన్నం సయించదు. మామయ్య ఆ ఒక్కరోజు కాస్త కఠినంగా ఉండి ఉంటే ఎంత బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నాడో! రాజ్ కుమార్‌కి ముప్పై నాలుగు. మొన్న ప్రాక్టీసులో వాడు తొడ పట్టుకుని, ఎవరూ చూడటం లేదనుకుని ఒంగోవడం చిట్టియ్య చూశాడు.

చిట్టియ్య కింద ఖాళీగా ఉన్న చోట ఉదయ్‌కుమార్ నంబరున్న కాయ పెట్టాడు. ఆరో నంబరు చేతిలోనే ఉండిపోయింది.

అంతలోనే ఎవడో, "కన్నకొడుకుని గదండీ, అంత పుటుక్కున తీసేశాడేంటి? ఏం మనిషండీ బాబూ!" అన్నాడు. గణేష్‌బాబు అవునవునన్నట్టు తలాడించాడు. ఇందాకటిదాకా అరిచింది వీళ్ళే! చిట్టియ్యకి ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ వైపు తిరగబోతుంటే గేటు దగ్గర రాజ్ కుమార్ కనబడ్డాడు.

వాడు కాయల వరసను చూశాడు. తండ్రి చేతిలో కాయ చూశాడు.

"వీళ్ళు తీసేశారా, నువ్వా?"

"నేనేరా."

"ఎందుకు?"

కాకినాడ మాట గొంతు దాకా వచ్చింది. ఇంతమంది ముందు ఎలా చెప్పడం? "నీ కాలు బాలేదు," అన్నాడంతే.

"నా కాలు సంగతి నాకు తెలీదా?" రాజ్ కుమార్ భుజానికున్న సంచీలోంచి కెప్టెన్ పట్టీ తీసి బుల్లియ్య చేతిలో పెట్టాడు. "బండెక్కుతాను, నీళ్ళైనా మోస్తాను. నువ్వు మాత్రం రాకు నాన్నా. నువ్వొస్తే నేను దిగిపోతాను."

చిట్టియ్య ఇంతవరకూ బయటి ఊరి మ్యాచ్ ఒక్కటి మానలేదు. డ్రైవరు వెనక కిటికీ సీటు అతనిది. పన్నెండు గంటలకి వ్యాన్ హారన్ కొట్టినప్పుడు అలవాటు కొద్దీ రెండడుగులు వేసి, ఆగిపోయాడు. ఆ సీట్లో గణేష్‌బాబు కూర్చున్నాడు. వ్యాన్ పోయింది.

మళ్ళీ గునపం దగ్గరికి వెళ్ళాడు. ఆరో నంబరు కాయను రాశిలో కలపాలి, పద్ధతి అది. రెండుసార్లు చెయ్యెత్తాడు, విసరలేకపోయాడు. తువ్వాలు మడిచి పీట మీద పెట్టి, దాని మీద ఆ కాయ పెట్టాడు. మధ్యాహ్నం అన్నం క్యారేజీ మూత తియ్యలేదు. భుజం నొప్పి మోచేతి దాకా దిగింది. కొట్టు యజమాని హరిబాబు, "కాసేపు కూర్చోవయ్యా, మొహమంతా చెమటలు," అంటే, "లోడుందిగదండీ," అన్నాడు.

అయిదున్నరకి ఫోన్ మోగింది. బుల్లియ్య.

"ఒరేయ్, గెలిచాం! ఒకటి, సున్నా! ఆ కుర్రాడు మధ్యలో ఒక్కణ్ణి పోనిస్తే ఒట్టు. నీ కొడుకు గీత పక్కన నిలబడి ఆటంతా వాడికి అరిచి చెబుతానే ఉన్నాడ్రా. ఇటు జరుగు, వెనక్కి రా, ఇప్పుడియ్యి అని. గొంతు పోయింది వాడికి."

"ఓసారి ఇవ్వరా వాడికి."

అవతల గోలలో ఏదో మాట్లాడుకోవడం వినిపించింది.

"ఇప్పుడు కాదంటన్నాడ్రా. ఇంటికొచ్చి అడుగుతానన్నాడు. నీకు కాకినాడలో ఏమైందో నీ నోటితోనే వినాలంట. నేనే చెప్పేశాన్లే, దార్లో. ఏమనుకోకు."

"సరే," అన్నాడు చిట్టియ్య. "రమ్మను. చెబుతాను."

ఫోన్ జేబులో పెట్టుకుని డొక్కల కుప్పకి ఆనుకుని కూర్చున్నాడు. చేతిలో సగం ఒలిచిన కాయ ఉంది. ఊపిరి బరువుగా ఉంది, కానీ మనసు తేలికపడింది. కాసేపు కళ్ళు మూసుకుందామనుకున్నాడు.

హరిబాబు లోడు లెక్క చూసుకుంటూ రెండుసార్లు పిలిచాడు. మూడోసారి దగ్గరికొచ్చి భుజం తట్టాడు. చేతిలో కాయ దొర్లి కింద పడింది.

బాగా చీకటి పడ్డాక, ఈలలేసుకుంటూ, డప్పులు కొట్టుకుంటూ వచ్చిన వ్యాన్ గేటు దగ్గర ఆగింది. వాకిట్లో గుమిగూడిన జనాన్ని చూసి డప్పు ఆగింది. రాజ్ కుమార్ అందరినీ తోసుకుని లోపలికి పరిగెత్తాడు. వాకిట్లో పదకొండు కాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆ రాత్రి ఎవరూ వాటిని పగలగొట్టలేదు. పీట మీద, నాలుగు మడతల తువ్వాలు మీద, సున్నంతో ఆరు వేసిన కాయ ఉంది.