మూడో సంతకం

పెద్ద వరద వచ్చి పదకొండేళ్ళయిన ఏడాది జరిగిందిది. మా పేటలో కిటికీల దాకా నీళ్ళొచ్చిన వరద. ఇప్పటికీ మావాళ్ళు పిల్లల వయసులు దానితోనే లెక్క కడతారు.

నాది తాళాల పని, బజార్లో చిన్న కొట్టుంది. నీళ్ళు తీశాక జనం ఇళ్ళకు తిరిగొస్తే, బురద పట్టి ఒక్క తాళమూ తిరగలేదు. కిరోసిన్ సీసా, సన్న కమ్మీలు, ఆకురాయి పట్టుకుని తొమ్మిది రోజులు ఇల్లిల్లూ తిరిగాను. నాకు మాట పెగలదు. తలుపు తీసిచ్చి పక్కన నిలబడటమే వచ్చు. అందుకని మా ఆవిడ వెంట వచ్చింది. లోపల చూసి ఏడ్చేవాళ్ళని ఆమే కూర్చోబెట్టేది, ఏమేం పోయాయో అడిగి నోటుబుక్కులో రాసేది. మధ్యాహ్నం ఎవరి అరుగు ఆరి ఉంటే దాని మీద కూర్చుని ఇద్దరం ఒకే గిన్నెలో తినేవాళ్ళం. నా జన్మలో అంత బాగున్న రోజులు లేవు. అందరి కొంపలూ మునిగినప్పటి సంగతి, అలా అనడం తప్పే. కానీ నిజం.

ఆ నోటుబుక్కు మున్సిపల్ ఆఫీసుకి పట్టుకెళ్ళి, ఒక్కో ఇల్లూ పేరుపేరునా చదివింది. సాయం వచ్చింది. మరుసటి ఏడు ఎన్నికల్లో పేటంతా కలిసి ఆమెని కౌన్సిలర్‌గా నిలబెట్టారు. నామినేషన్ కాగితం మీద, ఈ మనిషిని నేను ప్రతిపాదిస్తున్నానని ఆ వార్డు ఓటరు ఒకరు సంతకం పెట్టాలి. "మా ఆయన పెడితేనే వేస్తాను," అంది. పెట్టాను. అయిదేళ్ళకి మళ్ళీ పెట్టాను. మూడు తరగతులు చదివినవాణ్ణి, పేరు రాయడానికి నాకు రెండు నిమిషాలు పడుతుంది. రెండుసార్లూ గెలిచింది.

మా ముందు గది ఆఫీసైపోయింది. కుళాయి రానివాళ్ళు, వీధి దీపం వెలగనివాళ్ళు, మొగుడు కొట్టినవాళ్ళు, అందరూ నా మంచం మీదే కూర్చునేవాళ్ళు. నేను పెరటి గుమ్మంలోంచి వచ్చిపోయేవాణ్ణి. ఒకసారి ఆమెతో మాటుండి ముందు గదిలోకి వెళ్తే, ఎవరో కొత్తావిడ, "వరసలో రావయ్యా పెద్దాయనా, మేం పొద్దుటినుంచీ కూర్చున్నాం," అంది. సరేనని చివర కూర్చున్నాను. నా వంతు వచ్చింది. మా ఆవిడ తలెత్తకుండానే, "చెప్పండి, ఏ వీధి?" అంది. తర్వాత చూసి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను. చెప్పాలనుకున్న మాట మాత్రం మర్చిపోయాను.

రెండోసారి గెలిచిన రోజు, "ఇంక ఇదే ఆఖరు, తర్వాత ఇంటిపట్టున ఉంటాను," అంది. ఆ ఒక్క మాట పట్టుకుని అయిదేళ్ళు గడిపాను. తీరా అయిదేళ్ళయ్యేసరికి, ఈసారి గెలిస్తే ఛైర్మన్ కుర్చీ ఆమెదే అన్నారు.

నామినేషన్లకి ఆఖరి రోజు, మధ్యాహ్నం మూడింటిదాకా గడువు. పొద్దున్నే మా బావమరిది వచ్చాడు. అక్క ఎన్నికల పనులన్నీ వాడే చూస్తాడు.

"బావా, పన్నెండింటికల్లా మున్సిపల్ ఆఫీసు దగ్గరుండు."

"ఊఁ."

"అదేం ఊఁ? అవునా, కాదా?" అని వాళ్ళక్క వైపు తిరిగి, "ఈయన నోటికి తాళం వేసుకుని చెవి వరదలో పారేసినట్టున్నాడే," అన్నాడు.

ఆమె నవ్వలేదు. నా వైపే చూసింది.

పదకొండింటికి, రిటైరైన టీచరమ్మ ఇంట్లో బీరువా చెవి తాళంలోనే విరిగిందని కబురొచ్చింది. వెళ్ళాను. పది నిమిషాల పని. ఒంటిగంటయినా దాని ముందే కూర్చున్నాను.

"ఏం నాయనా, తాళం తీస్తున్నావా, దానికి జోల పాడుతున్నావా?" అంది టీచరమ్మ.

"మొండిదమ్మా."

"అదా, నువ్వా?"

రెండు కొట్టాక మా ఆవిడ వచ్చింది. ఒక్కతే, నడిచి. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. టీచరమ్మ ఆమె మొహం చూసి మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళింది. మా ఆవిడ నా పక్కన నేల మీద కూర్చుంది.

"దీన్ని నువ్వు కళ్ళు మూసుకుని తీస్తావు," అంది.

నేను కమ్మీ మళ్ళీ తాళంలో పెట్టాను.

"తమ్ముడు ఇంకెవరి చేతనైనా పెట్టిద్దాం అన్నాడు. వద్దన్నాను."

"పెట్టించాల్సింది."

"నీకిష్టం లేదని నోరు తెరిచి చెప్పు. కాగితం ఇక్కడే చింపేస్తా. టీచరమ్మగారే సాక్షి."

"నన్ను లాగకండమ్మా," అంది లోపల్నుంచి టీచరమ్మ.

చింపేస్తుందని నాకు తెలుసు. ఒక్క మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"నీకు వెళ్ళాలనుందా?" అన్నాను.

అట్ట నేల మీద పెట్టింది. "ఉంది. కుర్చీ కోసం కాదు. మొన్న వానకి వాగు గట్టు మీదికెళ్ళి చూశాను. ఇంకో వరదొస్తే ఆగదది. పదేళ్ళుగా అడుగుతున్నా, కౌన్సిలర్ మాట ఎవరూ చెవిన పెట్టరు." అని ఆగి, నా ఆకురాయి చేతిలోకి తీసుకుని చూస్తూ, "నాకు మాత్రం బెంగ లేదనుకున్నావా? ఒకే ఇంట్లో ఉండి ఒకరి మీద ఒకరు బెంగ పెట్టుకునేది మనమేనేమో," అంది.

నేను పదేళ్ళుగా చెప్పలేకపోయింది అదే. ఆమె చెప్పేసింది. ఇంక నా దగ్గర మాటేం మిగల్లేదు.

అట్ట అందుకున్నాను. కిరోసిన్ చేతులు చొక్కాకి తుడుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పెట్టాను. ఆమె నా భుజం పట్టుకుని లేచింది. లేచాక కూడా కాసేపు చెయ్యి తీయలేదు. తర్వాత వెళ్ళిపోయింది. మలుపు దగ్గర దాదాపు పరుగెత్తింది.

బీరువా తీసిచ్చాను.

మర్నాడు పొద్దున ఆఫీసులో నామినేషన్ కాగితాలు పరిశీలించే పని. నువ్వు రానక్కర్లేదంది మా ఆవిడ. అయినా ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళి, చివరి బల్ల మీద కూర్చున్నాను. ఆమె ముందు వరసలో ఉంది. మెడ మీద జుట్టు బాగా నెరిసింది, నేనెప్పుడూ చూసుకోలేదు. అధికారి ఒక్కో పేరూ చదివి, అభ్యంతరం ఎవరికైనా ఉందా అని అడుగుతున్నాడు. ఆమె పేరు చదివి అడిగితే ఎవరూ పలకలేదు.

"ప్రతిపాదించినాయన వచ్చారా?"

లేచి నిలబడ్డాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"మీరేమైనా చెప్పేదుందా?"

"లేదండి," అన్నాను. వెళ్ళి కొట్టు తీశాను.