వాసన రాని నూనె

గడ్డి కోసే మిషను కోసం పెట్రోల్లో నూనె కలుపుతుండగా పోతులయ్య జేబులో ఫోను మోగింది. కుడిచెయ్యి జిడ్డుగా ఉందని ఎడమచేత్తో తీసి చెవికి ఆనించుకున్నాడు.

“పండినాయబ్బా!” భార్య నీలావతి గొంతు ఎగిరెగిరి పడుతోంది. “పట్టుపురుగులన్నీ తేనెరంగు తిరిగినాయి. తలలెత్తి చూస్తాండాయి. పొద్దుగూకేలోగా గూళ్లు కట్టే చంద్రికల మీదికి ఎక్కించల్ల. నువ్వూ రా.”

“లోపలికి రానిస్తావా?”

“ఆ నూనె వాసనతో వస్తే మాత్రం గడప దాటనీను. పోయినసారి పంట ఎట్ల పోయిందో చెప్పినా కదా.”

చెప్పింది. పక్కతోటలో ఎవరో మందు కొడితే ఆ గాలికే పురుగులు మేత మానేసి, పంటంతా పెంటకుప్పకు పోయింది. అది పెళ్లికి ముందు. ఇప్పుడిది ఇద్దరూ ఒకటయ్యాక తొలి పంట. లేపాక్షి దారిలోని ఆ చిన్న ఇంట్లో సగం పురుగులదే. పంట మొదలైనప్పటి నుంచి కొత్త పెళ్లికొడుకు పడక బయటి పంచలోనే.

హిందూపురం శివారులో ఒక నూలుమిల్లు అతిథిగృహం. దాని ముందున్న పచ్చికే పోతులయ్య బతుకంతా. మీసాలు రాకముందు మొక్కలకు నీళ్లు పట్టడానికి వచ్చాడు, మీసాలు నెరుస్తుండగా పెళ్లి చేసుకున్నాడు. మధ్యకాలమంతా మోటారు షెడ్డు పక్క గదిలో వండుకుని, తిని, పడుకున్నాడు. తనకొక వాసన ఉందని పెళ్లయ్యేదాకా అతనికి తెలియదు. చెప్పేంత దగ్గరగా ఎవరూ వచ్చి నిలబడలేదు. మొదటిరాత్రి నీలావతి అతని మెడ దగ్గర ముక్కు పెట్టి, “లారీని పెండ్లి చేసుకున్నట్లుండాది,” అని పడీపడీ నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అతని చెవులు వేడెక్కుతాయి.

కలిపినదంతా పక్కన పెట్టేసి నూనెల అంగడికి పరుగెత్తాడు.

“వాసన రానిది ఇయ్యి, చెన్నప్పా.”

“ఏమప్పా, మిషన్లోకి అత్తరు పోస్తావా?” చెన్నప్ప రెండు సీసాలు ముందు పెట్టాడు. “కొత్త పెండ్లికొడుకువి, అట్లనే ఉంటాదిలే. ఎర్రది నువ్వు వాడేదే. నీలందానికి పొగ తక్కువ.”

పోతులయ్య మూతలు తీసి మల్లెపూలు చూసినట్టు రెండూ వాసన చూశాడు. నీలం సీసా తీసుకున్నాడు.

కొత్త పెట్రోల్లో కలిపితే అది తెల్లవారబోయే ఆకాశం రంగు తిరిగింది. పొగ ఇంకా తగ్గాలని ఎప్పుడూ పోసేదానిలో సగమే పోశాడు. మిషను తిప్పితే పొగ వచ్చింది, పలచగా. రెండోసారి పెట్రోలు నింపినప్పుడు నాలుక తడిసేంత నూనె పోశాడు. పొగ లేదు! వాసనా లేదు! మిషను పాటందుకున్నట్టు సాగింది. దాని వెనకాల చీర కుచ్చిళ్లలాగా పచ్చిక చారలు పడుతుంటే, పోతులయ్య కాళ్లు నేలమీద లేవు. మనసులో అప్పుడే నీలావతి పక్కన కూర్చుని పురుగుల్ని ఒక్కొక్కటే ఎత్తుతున్నాడు. ఆమె గాజులు మోచేతిదాకా జారుతున్నాయి.

మిషను గొంతు సన్నబడింది. కీచుమంది. ఆగిపోయింది.

తాడు లాగాడు. కదల్లేదు. నూనె చాలక లోపల ఇనుము ఇనుమును కరుచుకుంది. అలా అవుతుందని అతనికి మొదటినుంచీ తెలుసు. తెలిసే పోశాడు. కాలుతున్న ఇంజను పక్కన, అది చల్లబడేదాకా కూర్చున్నాడు.

సగం పచ్చిక మిగిలే ఉంది. మర్నాటి సాయంత్రం అక్కడ యజమాని ఇంటి విందు. గోడవార ఉలిగమ్మ తన మేకలకు గడ్డి కోసుకుంటోంది.

“ఉలిగమ్మా, కొడవలి ఇస్తావా?”

“మిషను యాడబ్బా?”

“చచ్చిపోయింది. నూనె పెట్టలేదు.”

“నువ్వు మాత్రం పెండ్లాం చేత ముద్దలు తింటాండావు, దాన్ని పస్తు పెడతావా?” అంటూనే కొడవలి చేతికిచ్చింది. “రేపు తెచ్చియ్యి.”

పొద్దు వాలేదాకా వంగి కోశాడు. కొళాయి కింద సీకాయతో ఒళ్లు తోముకుని, ఉతికిన చొక్కా వేసుకుని, కొడవలిని తువ్వాల్లో చుట్టుకుని ఆటో ఎక్కాడు.

నీలావతి గడపలో ఎదురొచ్చింది. అతని అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత మెడ.

“పచ్చిగడ్డి వాసన వస్తాంది,” అంది ఆశ్చర్యంగా. “రా లోపలికి.”

లోపల వెదురు చంద్రికల మీద పురుగులు తలలు అటూ ఇటూ తిప్పుతూ గూళ్లు అల్లుకుంటున్నాయి. దీపం వెలుతురులో ఒక పోగు మెరిసి మాయమైంది. అతను తట్టలో మిగిలిన ఒక పురుగును ఎత్తాడు. చల్లగా, మెత్తగా ఉంది. తట్ట ఖాళీ కావొస్తుండగా చెప్పాడు.

“మిషను బిగుసుకుపోయింది, నీలా. వాసన రాకూడదని నూనె తగ్గించినా. పనిలో ఉంచుకుంటారో లేదో.”

నీలావతి ఇంకో పురుగును ఎత్తి చంద్రిక మీద పెట్టింది.

“రేపు నేనూ వస్తా. పురుగుల పని అవే చేసుకుంటాయి. మిషన్ను ఆటోలో వేసుకుని పెనుకొండ పోదాం, ఆడ మా చిన్నాయనకు మిషన్లు బాగుచేసే షెడ్డు ఉండాది. బాగైతే సరే. కాకపోతే మిల్లు మేనేజరు ముందర ఇద్దరం నిలబడదాం.”

“ఎందుకట్ల చేసినావంటే ఏం చెప్పేది?”

“ఉన్నదే చెప్పు.”

“నవ్వుతాడు.”

“నవ్వనీ,” అని ఆమే ముందు నవ్వి, గాలి తగలకుండా తలుపు మూసింది.

బయట, గడప పక్కన, చుట్టిన తువ్వాలు జారిపోయి, ఉలిగమ్మ కొడవలి పళ్ల సందులో ఒక గడ్డిపోచ ఇంకా పచ్చగానే ఉంది.