చప్పుడు లేని ఇంజను

మా ఆయన ముత్యం సిరిసిల్లల ఇరవై ఏండ్లు బట్టలు నేసే సాంచాలు నడిపిండు. సాంచ చప్పుడు ఆగిందంటే ఏదో ఖరాబైనట్టే, గదే ఆయన లెక్క. తొంభై ఒకటిల అగ్గువకు పాత బండి కొందామని ఇద్దరం కోరుట్లకు పోయినం. అక్కడ రెండే ఉన్నయి. ఒకటి జీపు, ఇంకోటి చిన్న మారుతి కారు.

"జీపే తీస్కుందాం. ఇంజను పెద్దది," అన్నడు.

"జీపుల పోతే అడవిల ఉండే అన్నలు మనల్ని పోలీసులనుకుంటరు. ఊరోళ్లేమో చేన్లకు ఉరుకుతరు. బుద్ధి ఉన్నదా నీకు?" అన్న నేను.

మూతి ముడుసుకొని కార్ల కూసున్నడు. తాళం తిప్పి, చెవి పెట్టి విన్నడు. "బందైంది," అనుకుంట మళ్ల తిప్పిండు. బండి గర్రుమని అరిసింది.

"నడుస్తనే ఉన్నది సేటూ, తిప్పకు!" అని అమ్మేటాయన ఉరికచ్చిండు.

నేను నమ్మలే. బానెట్ మీద చెయ్యి పెట్టి చూసిన. అప్పుడే పుట్టిన దూడ లెక్క సన్నగ వణుకుతున్నది. మా ఆయన దిగచ్చి తనూ చెయ్యి పెట్టిండు. గదే కొన్నం.

ఇంటికి వస్తుంటే ఒక ఊరి కాడ గడ్డిమోపుతోని ముసలమ్మ ఎదురైంది. ఆమె ఉరకలే. మోపు దించి, కారును ఆపి, బానెట్ మీద అరచెయ్యి ఆనిచ్చింది. చానసేపు తియ్యలే.

"జీపు చప్పుడు ఇంటే చేన్లకు ఉరుకుడే. బండిని చూసి ఉరకక నిలబడ్డది ఎన్నేండ్లకో బిడ్డా," అన్నది.