వెలుగుకు విడిచిన అంతస్తు

సాయంత్రం ఆరు గంటల పన్నెండు నిమిషాలు. వాన వెలిసి పావుగంట. వాయవ్యం నుంచి పలచని గాలి.

ఓడ మీద నుంచి చూస్తే తీరాన ఒక దీపమే కనిపిస్తోంది.

రెండు కనిపించాలి.

ఒకటి రేవు గట్టు మీద. ఒకటి దాని వెనుక, గుట్ట మీద. రెండూ ఒకదానిపై ఒకటి నిలిచినంతసేపు ఓడ కింద లోతు ఉంటుంది. పై దీపం పక్కకు జరిగితే — ఇసుక.

ఆమె పైలట్. దూరం నుంచి వచ్చిన ఓడలెక్కి, వాటిని రేవులోకి నడిపించే మనిషి. పై దీపం ఉండవలసిన చోట ఆమెకు పచ్చని పరదా కనిపించింది... పరదా వెనుక, లేస్తున్న భవనం.

కింద దుకాణాలు, వాటిపై కార్యాలయాలు, వాటిపై ఇళ్లు, అన్నింటికీ పైన హోటలు. నగరాన్ని నిలువునా పేర్చే భవనం.

"ఆపండి," అంది కెప్టెన్‌తో.

"దారి యంత్రంలో కనిపిస్తోంది కదండీ?"

"యంత్రం కళ్లు మూయడం నేను చూశాను. లంగరు వేయించండి."

ఓడ ఆగింది. దాని వెనుక మరొకటి ఆగింది. మర్నాటికి పైలట్లందరిదీ ఒకటే మాట — చీకటి పడ్డాక ఓడ తేము. పెద్ద ఓడలకు కావలసినంత నీరెక్కే పోటు, ఆ రోజుల్లో, చీకటి పడ్డాకే.

తప్పు ఎక్కడ పుట్టింది?

నేల పటం తీరం దగ్గర ఆగుతుంది. సముద్రపు పటమూ తీరం దగ్గరే ఆగుతుంది. నేల పటంలో గుట్ట ఉంది, దీపం ఉంది. ఆ దీపం వెలుగు సముద్రం మీదికి పోయే దారి, దాని చూపు, లేదు. చూపును ఎవరు గీస్తారు? కాబట్టి భవనం గీసిన ఇంజనీరు దాన్ని చూడలేదు.

ఆ ఇంజనీరు పైలట్‌కు ఆడపడుచు.

పరదా లోపల, తడి సిమెంటు వాసనలో, ఇద్దరూ ఎదురెదురుగా.

"ఈ ఉత్తరపు మూల నాకు వదిలెయ్."

"మీ పుట్టింటి వాటా అడిగినట్టు అడుగుతున్నావే వదినా!"

"పుట్టింటి వాటా అయితే అడిగేదాన్నా? లాక్కునేదాన్ని."

ఆడపడుచు నవ్వలేదు. "రేపే ఈ అంతస్తుకు కాంక్రీటు పోత. ఆపితే నా ఉద్యోగం ఉండదు."

"ఆపకపోతే ఎవడో ఒకడు తెగించి ఓడ తెస్తాడు. అందులో మనుషులుంటారు, అమ్మాయ్."

గాలి పరదాను ఉబ్బించింది. వదిలింది. మళ్లీ ఉబ్బించింది.

ఇరవై రెండో అంతస్తు ఎలాగూ ఖాళీయే — నిప్పంటుకుంటే జనం తలదాచుకోవడానికి గోడలు లేకుండా వదిలేది. గుట్ట దీపం చూపు పోయేది పంతొమ్మిదో అంతస్తు ఎత్తులో. ఆ ఖాళీని అక్కడికి దింపితే? ఆడపడుచు లెక్క వేసింది. దింపితే స్తంభాలు మారాలి. స్తంభాలు మారితే ఉక్కు మారాలి. ఉక్కు మారితే గడువు తప్పుతుంది. గడువు తప్పితే... తన ఉద్యోగం.

ఒకటి కదిలిస్తే అన్నీ కదలాలి.

కదిలించింది.

యజమానులు ససేమిరా అన్నారు. ఆడపడుచు పోతకు సంతకం పెట్టలేదు. సంతకం లేనిదే పోత లేదు. బయట సముద్రంలో ఓడలు బారులు తీరాయి — ఆగిన ఆ ఓడల్లోనే భవనపు ఉక్కు కూడా ఉంది. ఆ సంగతి తెలిశాక యజమానులు మెత్తబడ్డారు.

పరదా విప్పారు.

ఆ సాయంత్రం పైలట్ మొదటి ఓడ ఎక్కింది. గట్టు మీద ఒకటి. దానిపైన, కట్టని గోడల మధ్య నుంచి, మరొకటి.

"పోనివ్వండి," అంది.

భవనం పూర్తయ్యేనాటికి ఆడపడుచు వేరే ఊళ్లో, వేరే పనిలో ఉంది.

పద్నాలుగేళ్ల తరువాత రేవు ఇంకోవైపుకు మారింది. ఆ రెండు దీపాలనూ ఆర్పేశారు. పంతొమ్మిదో అంతస్తుకు ఈనాటికీ గోడలు లేవు.